తొమ్మిది బేకరీలు, ఒక్క బన్ను

బదిలీ మీద నేను ఆ ఓపెన్‌కాస్ట్ గనిలో సర్వేయర్‌గా చేరింది ఒక జూన్ నెల మొదటి సోమవారం. అప్పటికి నా సర్వీసు ఇంకా మూడేళ్ళ రెండు నెలలు మిగిలి ఉంది. సెంటినరీ కాలనీలో క్వార్టర్ ఇచ్చారు. రెండు గదులు, ఒక మనిషి. నా భార్య చనిపోయి పద్నాలుగు నెలలైంది. పిల్లలు లేరు.

బొగ్గు పైనున్న మట్టిని, రాతిని నెలలో ఎంత తీశారో కొలిచి లెక్క చెప్పడం గని సర్వేయర్ పనుల్లో ముఖ్యమైనది. నేను కాలేజీలో చదివి ఆ పనిలోకి రాలేదు. చైన్‌మన్‌గా, అంటే సర్వేయర్ వెంట కొలత కర్ర పట్టుకుని నడిచే మనిషిగా చేరాను. లెక్కలు సొంతంగా నేర్చుకుని మూడో ప్రయత్నంలో పరీక్ష పాసయ్యాను. అలా నేర్చుకున్నవాడికి పద్ధతి మీద నమ్మకం కొంచెం ఎక్కువే ఉంటుంది.

కొత్త గనిలో నా చైన్‌మన్ పేరు రాజమల్లు. కమాన్‌పూర్ వాడు, నాకంటే రెండేళ్ళు చిన్న. రోజుకు నేను పది మాటలు మాట్లాడితే ఎనిమిది అతనితోనే. వాటిలో ఆరు మాటలు అంకెలే.

రెండో ఏడు వానాకాలంలో అతను పచ్చకామెర్లతో గోదావరిఖని దవాఖానలో చేరాడు. పిత్తాశయంలో రాళ్ళున్నాయి, ఆపరేషన్ చేయాలి. కానీ తిండి మానేసి పదకొండు రోజులైంది, ఆరు కిలోలు తగ్గాడు. సోమవారంలోగా కాస్త తిని కోలుకోకపోతే హైదరాబాద్ పంపక తప్పదన్నారు డాక్టరు.

"హైదరాబాద్ తీస్కపోతె మళ్ళ రానని గోడ దిక్కు మొఖం పెట్టి పండుకుంటుండు సారూ. మీరన్న చెప్పుండ్రి" అంది అతని భార్య పోసక్క.

ఏం తినాలనిపిస్తోందని అడిగాను.

"పాల బన్ను సారూ, చాయ్‌ల ముంచుకొని. గదొక్కటే నోటికి యాదికొస్తుంది."

డాక్టరు సరేనన్నారు. ఏ దుకాణంలోది కావాలని అడిగితే రాజమల్లు, "ఏ దుకాణమైతేంది సారూ, గోదావరిఖనిల అన్నిట్ల మంచిగనే ఉంటది" అన్నాడు.

ఆ రోజు మంగళవారం. ఆ మాట నాకు సమాధానంగా తోచలేదు. అన్నింటిలో ఒకటి మేలైనది ఉండి తీరాలి, దాన్ని కొలిచి తేల్చాలి. డ్యూటీ దిగాక రోజుకు మూడు చొప్పున మూడు సాయంత్రాల్లో తొమ్మిది బేకరీలు చూశాను. ప్రతిచోటా ఒక్క బన్ను అడిగేవాణ్ణి. వేలితో నొక్కి అది ఎంతసేపటికి పైకి లేస్తుందో చూసి, సగం అక్కడే చాయ్‌తో తిని, కొలతలు రాసుకునే ఫీల్డ్ బుక్‌లో పదికి మార్కులు వేసేవాణ్ణి. మిగతా సగం ఇంటికి తెచ్చుకుంటే అదే రాత్రి భోజనం. ఏ దుకాణమూ ఐదు దాటలేదు. శుక్రవారం నాడు నాలుగున్నర వచ్చిన దుకాణానికి మళ్ళీ వెళ్ళి, రాజమల్లు కోసం ఒక్కటి కొని తీసుకెళ్ళాను.

ఒక ముక్క కొరికి చేతిలో పెట్టుకుని చూశాడు.

"గిదేంది సారూ, గని బూటు లెక్కున్నది."

"గట్లంటవేంది? సారు తొమ్మిది దుకాణాలు తిరిగిండు" అంది పోసక్క.

"తొమ్మిది తిరిగితె గిదే దొరికిందా? నేను కర్ర పట్టకుంటె సారు కొలత గిట్లనే ఉంటది."

నవ్వాడు. నవ్వి, గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అన్నీ బాగుంటాయని అతను, ఏదీ బాగులేదని నేను. కొలతల్లో పొరపాట్లు అటూ ఇటూ చెదిరి ఉంటే అవి సహజం. తొమ్మిదికి తొమ్మిదీ ఒకే వైపుకు ఒరిగితే కొలిచే తీరులోనే లోపం ఉన్నట్టు. ముందు, నేను వెళ్ళే వేళను అనుమానించాను. శనివారం సగం రోజు సెలవు పెట్టి, మొదటి షిఫ్టు దిగే మూడు గంటలకు, నేను రెండు మార్కులు వేసిన దుకాణానికి వెళ్ళాను. దాన్ని నడిపేది సత్తెక్క అనే యాభై ఏళ్ళ ఆవిడ. ఒక్క బన్ను అడిగాను. గాజు అల్మారాలోంచి తీసి ఇచ్చింది. నొక్కితే లేవలేదు. వేళ కారణం కాదని పుస్తకంలో రాసుకుంటుండగా షిఫ్టు బస్సు ఆగింది. నలుగురు డంపర్ ఆపరేటర్లు దిగి వచ్చారు.

"అక్కా, మాకు" అన్నాడొకడు. ఎన్ని కావాలో చెప్పలేదు.

సత్తెక్క లోపలి ట్రేలోంచి, నాలుగు బన్నులు అతుక్కుని ఉన్న పలకను పొగలతో తెచ్చి ఇచ్చింది. వాళ్ళు దాన్ని చేత్తోనే చీల్చుకున్నారు. నాకు అది ఎందుకు ఇవ్వలేదని అడిగాను.

"మీరు ఒక్కటే అంటిరి గద సారూ! నాలుగు కలిసి కాల్తయి. ఒక్కటి ఇప్పితె మిగిలినయి గాలి తగిలి ఎండుతయి, ఎవ్వలు తీస్కోరు. ఒక్కటి అడిగినోళ్ళకు పొద్దుగాల మిగిలిన ఇడి బన్నే ఇస్తం. ఈడ అన్ని దుకాణాలల్ల గంతే. అయినా ఒక్కటి ఎవ్వలు తింటరు?"

"సారు బన్నుకు గూడ లెక్క రాస్తుండు, జర మంచిది ఇయ్యి అక్కా" అన్నాడొక ఆపరేటర్. మిగతా ముగ్గురూ నవ్వారు.

ఫీల్డ్ బుక్‌లో తప్పును చెరపకూడదన్నది మా నియమం. ఒక గీత కొట్టి, పక్కన కారణం రాయాలి. తొమ్మిది మార్కుల మీదా గీత కొట్టాను. కారణం దగ్గర "కొనుగోలుదారు ఒక్కడే" అని రాశాను.

సత్తెక్క దగ్గరే నాలుగు బన్నుల పలక కొని, తువ్వాలులో చుట్టి దవాఖానకు తీసుకెళ్ళాను. రాజమల్లు ఒకటి పూర్తిగా తిని, రెండోది సగం తిన్నాడు. పోసక్క ఒకటి తిన్నది. మిగిలినదాన్ని రాజమల్లు నా చేతిలో పెట్టి, "తినుండ్రి సారూ, నిలబడి సూస్తరేంది" అన్నాడు. ఆదివారం పొద్దునా సాయంత్రమూ అలాగే జరిగింది. సోమవారం డాక్టరు హైదరాబాద్ మాట ఎత్తలేదు. గురువారం అక్కడే ఆపరేషన్ అయింది.

తర్వాత రాజమల్లుకు ఆఫీసులో కూర్చుని చేసే పని ఇచ్చారు. కర్ర పట్టడానికి ఇంకొకరు వచ్చారు. రిటైరయ్యేదాకా నేను నాలుగూ కలిపే కొన్నాను. రెండు తినేవాణ్ణి, రెండు ఎండిపోయేవి.

తప్పు ఎప్పుడూ ఒకే వైపుకు పోతుంటే, కొలిచే వస్తువును వదిలి కొలిచేవాణ్ణి పరిశీలించాలని ఆ వారం నేర్చుకున్నాను. గోదావరిఖనిలో మంచి బన్ను ఎక్కడ దొరుకుతుందని కొత్తగా వచ్చినవాళ్ళు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. నేను దుకాణం పేరు చెప్పను. ఎంతమంది వెళుతున్నారని అడుగుతాను.