శుక్రవారం లెక్కలో లేని స్టాపు

మస్కట్‌లో ట్రాము ఎప్పుడూ లేదు. అయినా ఈ ఊరి బస్సుల గురించి చెప్పాలంటే నేను ట్రాము దగ్గరే మొదలుపెట్టాలి. మా ఆఫీసులో ఆ పని మొదలైంది అక్కడే. మా పై ఇంజనీరు కలకత్తా మనిషి. సిటీ బస్సులు రాబోతున్నాయనీ, ఏ దారిలో తిరగాలో, ఎక్కడ ఆగాలో చూసే పనిలో ఒక ముక్క మా చిన్న కంపెనీకి దొరికిందనీ తెలిసిన రోజు ఆయన మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి తన ఊరి సంగతి చెప్పారు. వాళ్ళ పేటలో పట్టాలు పీకేసి ఏళ్ళు గడిచినా బస్సులు ఆ ట్రాము పోయిన దారినే పోతాయట. ఆ మలుపుల్లోనే తిరుగుతాయట, ఆగేది కూడా అక్కడేనట. జనం నిలబడే చోటు ఒకసారి ఖాయమయ్యాక దాన్ని కదపడం ఎవరి తరమూ కాదన్నారు. తర్వాత టేబుల్ మీద పరిచిన మ్యాపు వైపు చూసి, ఈ ఊరికి ట్రాము ఏది అని అడిగారు.

వ్యాన్లు సార్ అన్నాను నేను. నా తెలివేమీ కాదు, ఆ గదిలో కారు లేనివాణ్ణి నేనొక్కణ్ణే.

నారింజ రంగు పట్టీ వేసిన తెల్ల వ్యాన్లవి. బోర్డు లేదు, టైము లేదు, స్టాపు అనే మాటే లేదు. రోడ్డు పక్కన మనిషి కనిపిస్తే హారన్ కొడతారు. మనం చెయ్యి ఊపితే ఆగుతుంది, తల అడ్డంగా ఊపితే పోతుంది. దిగాలంటే ‘అలా జంబ్’ అనాలి, అంటే పక్కకు ఆపమని. ఆడమనిషి ఎక్కిందంటే ముందు వరసలో కూర్చున్న మగవాళ్ళు, ఎవరూ చెప్పకుండానే, లేచి వెనక్కి పోతారు. ఫోన్లో పోట్లాడుతున్నవాడు కూడా పోట్లాట ఆపకుండానే లేస్తాడు. ఇంత పద్ధతి నేను మా కాకినాడ బస్సుల్లో చూడలేదు, చూశానని చెప్పుకుంటే నవ్వుతారు.

అలా నాకు ఐదు నెలల పాటు వ్యాన్లలో తిరగడమే డ్యూటీ అయింది. ఒళ్ళో అట్ట పెట్టుకుని, ఎక్కడ ఎంతమంది ఎక్కారు, ఎక్కడ ఎంతమంది దిగారు అని రాయాలి. జీతమిచ్చి మరీ ఊరేగిస్తున్నారని రూమ్‌లో వాళ్ళు ఏడిపించేవారు. ఏసీ సరిగా పనిచెయ్యని వ్యాన్‌లో ఊరికి ఈ కొసనున్న సీబ్ నుంచి ఆ కొసనున్న రువికి రోజుకు నాలుగుసార్లు ఊరేగితే తెలుస్తుంది.

ఎక్కువగా ఒక ముసలి డ్రైవరు వ్యాన్‌లో ఎక్కేవాణ్ణి. ఆయన ఒమానీ, సొంతూరు ఖురియాత్. ఉర్దూ మనకంటే బాగా మాట్లాడతాడు. నేను రాసేది చూసి మొదట అనుమానపడ్డాడు, తర్వాత జాలిపడ్డాడు, ఆ తర్వాత నాకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. ఎక్కడ ఎందుకు ఆగుతారో ఆయనకు తెలుసు. ఒకచోట ఖాళీ స్థలం ముందు రోజూ పదిమంది దిగేవాళ్ళు. చుట్టుపక్కల ఒక్క తలుపు లేదు. ఎందుకని అడిగితే, అక్కడ ఒకప్పుడు టీ కొట్టు ఉండేదనీ, డ్రైవర్లందరూ అక్కడ టీ తాగేవాళ్ళనీ, ఎలాగూ ఆగింది కదా అని జనం దిగడం అలవాటు చేసుకున్నారనీ చెప్పాడు. కొట్టు ఎత్తేసినా దిగడం మాత్రం మానలేదు. ఆ ఖాళీ స్థలం ముందు ఇప్పుడు కొత్తగా వచ్చిన ఎర్ర సిటీ బస్సు ఆగుతుంది. నీడ కట్టారు, బల్ల వేశారు. ఇక్కడెందుకు స్టాపు పెట్టారో అని కొత్తగా వచ్చినవాళ్ళు విసుక్కుంటుంటే నాకు లోలోపల గర్వంగా ఉంటుంది. ఆ స్టాపును అట్ట మీద మొదట రాసింది నేనే మరి.

రువి దగ్గరికొచ్చేసరికి బస్సు తిన్నగా పోకుండా ఎడమకు ఒక చుట్టు తిరుగుతుంది చూడండి, అది కూడా వ్యాన్ల చుట్టే. తిన్నగా పోతే జనం సగం దూరం వెనక్కి నడవాల్సి వస్తుందని డ్రైవర్లు తమంతట తాము కనిపెట్టిన దారి. మా ఇంజనీరు దాన్ని మ్యాపు మీద పెన్సిల్‌తో గీసి, చూశావా, పట్టాలు లేకపోయినా పట్టాలున్నట్టే అన్నారు. అంత మురిసిపోవడం ఆయనలో మళ్ళీ చూడలేదు.

ఇక శుక్రవారం సంగతి. ఇక్కడ వారాంతం శుక్ర, శనివారాలు, అందుకని శుక్రవారం నాకు సెలవు. తెలుగు తిండి కోసం, తెలుగు మాట కోసం అదే వ్యాన్‌లో, ఈసారి అట్ట లేకుండా, రువికి పోయి అక్కణ్ణుంచి హమ్రియాకు నడిచేవాణ్ణి. దారిలో అజైబా అనే పేటలో పెద్ద రోడ్డు పక్కనున్న సందు మొదట్లో ప్రతి శుక్రవారం ఒకావిడ ఎక్కేది. కడప జిల్లా మనిషి, ఒక ఇంట్లో వంటా పిల్లల పనీ చూసేది. వయసులో నాకంటే పదేళ్ళు పెద్ద. మొదటిసారి నా ఫోన్లో తెలుగు విని, వెనక్కి తిరిగి ఏ ఊరు తమ్ముడూ అని అడిగింది. అప్పటినుంచి ఆమె నాకు అక్క.

శుక్రవారం ఆ ఇంటివాళ్ళు పెద్దవాళ్ళింటికి భోజనానికి పోతారు. పొద్దున పదింటి నుంచి అక్కకు తీరిక. సాయంత్రం నాలుగున్నరకు గేటు లోపల ఉండాలి. వారం మొత్తానికి ఆమెదంటూ ఉన్నది ఆ కాస్త సమయమే. దాన్ని ఆమె చెల్లెలి కోసం ఖర్చుపెట్టేది. చెల్లెలు వాదీ కబీర్‌లో ఒక ఇంట్లో పనికి కుదిరి ఏడాది కూడా కాలేదు. తీసుకొచ్చింది అక్కే. ఆ పిల్ల రాత్రిళ్ళు ఏడ్చేది, తినేది కాదు, పంపించెయ్యమని గొడవ. శుక్రవారం అక్క మొహం చూస్తేనే మళ్ళీ ఆరు రోజులు గడిచేవి. హమ్రియాలో కడప ఆడవాళ్ళు కొందరు కలిసి ఒక రూమ్ తీసుకున్నారు. అక్కడ అక్కాచెల్లెళ్ళు కలుసుకునేవారు. సంగటి కెలికి, పచ్చడి నూరి, ఒకరి తల ఒకరు దువ్వుకుంటూ వారం మాటలన్నీ ఆ మధ్యాహ్నంలో కుక్కేసేవారు. గుమ్మం బయట కుర్చీ వేసి నాకూ ఒక పళ్ళెం ఇచ్చేవారు. గోదావరోడికి సంగటి మింగడం రాదని అక్క నన్ను ఆటపట్టించేది. నిజంగానే రాదు, నమిలేవాణ్ణి.

ఐదు నెలల లెక్కలు టేబుల్ మీదికి వచ్చాయి. తక్కువమంది ఎక్కే చోట్లు కొట్టెయ్యాలి, లేకపోతే బస్సు ప్రతి గజానికీ ఆగుతుంది. అజైబా సందు దగ్గర నా లెక్క ప్రకారం ఇద్దరు తోటమాలులు తప్ప ఎవరూ లేరు. కొట్టేశాను. నా చేత్తో, ఎర్ర పెన్నుతో. పక్క స్టాపు పెద్ద రోడ్డు మీద చాలా అవతలుంది. మధ్యలో ఒక్క చెట్టు నీడ లేదు. అది కూడా నాకు తెలుసు.

నా కాగితం మీద ఆదివారం నుంచి గురువారం దాకా ఐదు గళ్ళున్నాయి. శుక్రవారం గడి లేదు. శుక్రవారం నాకు డ్యూటీ లేదు కాబట్టి ఊరికి కూడా ప్రయాణం లేదన్నట్టు గీసుకున్నాను. అక్క వెనక వరసలో కూర్చుని ప్రతి వారం వెళ్ళిన మనిషిని నేను. ఆ సందు దగ్గర ఆమె ఒక్కతే కాదు, ఇంకా నలుగురైదుగురు పనిమనుషులు ఎక్కడం చూశాను. చూశాను కానీ లెక్కపెట్టలేదు. కళ్ళున్నాయి, అట్ట లేదు. ఇంతకంటే మర్యాదగా నన్ను నేను తిట్టుకోలేను.

బస్సులు వచ్చాయి. ఊరంతా ముచ్చటపడింది, నేనూ పడ్డాను. చల్లగా ఉండేది, టైముకు వచ్చేది, సీటు కోసం ఎవరూ లేవక్కర్లేదు. వ్యాన్లు నెమ్మదిగా పలచబడ్డాయి. నేను కూడా శుక్రవారం బస్సెక్కడం మొదలుపెట్టాను. బస్సులో అక్క కనిపించలేదు. ఇంట్లో పనుందేమో అనుకుని ఆ రూమ్ వైపు పోలేదు. మూడు వారాలు అలాగే అనుకున్నాను.

నాలుగో వారం హమ్రియా రూమ్ దగ్గర చెల్లెలు ఒక్కతే మెట్ల మీద కూర్చుని ఉంది. వ్యాను దొరక్క అక్క ఎండలో స్టాపు దాకా నడిచిందట. తిరుగు ప్రయాణంలో కూడా అంత దూరం నడిచేసరికి రెండు వారాలు వరసగా ఆలస్యమైందట. ఆ ఇంటి మేడమ్ శుక్రవారం సెలవు మాన్పించేసింది. ఇది చెప్పి ఆ పిల్ల, వచ్చే నెలాఖరు దాకా చూసి తనను ఊరికి పంపెయ్యమంటానంది. అక్క తెచ్చిన పనిని అలా సగంలో వదిలేస్తే అక్కకు మాటొస్తుందని తెలుసట, అయినా తన వల్ల కాదంది. స్టాపు సంగతి ఆ పిల్లకు ఎలా చెప్పాలి? చెప్పలేదు. పళ్ళెం ఇస్తే వద్దన్నాను.

ఆదివారం ఇంజనీరు దగ్గరికి పోయి తప్పు ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. నా కాగితంలో ఐదు గళ్ళు చూసి, శుక్రవారం లెక్క పట్టుకురా, నేను పైకి పంపిస్తాను అన్నారు. శుక్రవారం పొద్దున గొడుగేసుకుని సందు మొదట్లో కూర్చున్నాను. పన్నెండు దాకా ఒక్కరు రాలేదు. ఎలా వస్తారు? ఆగే బండి లేని చోట ఎవరు నిలబడతారు? వచ్చే జనాన్ని ముందు నేనే మాన్పించి, జనం రావడం లేదని రాయాల్సిన స్థితి తెచ్చుకున్నాను.

దిక్కుతోచక ఖురియాత్ ముసలాయనకు ఫోన్ చేశాను. ఆయన అప్పటికి వ్యాను నడపడం తగ్గించి, సొంతూళ్ళో నిమ్మతోట చూసుకుంటున్నాడు. సంగతంతా విని, ముందు ఒక నవ్వు నవ్వాడు. వచ్చే శుక్రవారం వ్యాను తెస్తాను, అట్ట నువ్వు తెచ్చుకో అన్నాడు. మూడు శుక్రవారాలు వచ్చాడు. అజైబా సందుల్లోకి దూరి పాత పద్ధతిలో హారన్ కొట్టుకుంటూ తిరిగాడు. మొదటి వారం ఒక గేటు తెరుచుకుంది, రెండో వారం ఆరు, మూడో వారం నాకు కూర్చోవడానికి చోటు లేక మెట్టు దగ్గర నిలబడి రాశాను. అక్క ఇంటి గేటు మాత్రం మూడు వారాలూ తెరుచుకోలేదు. ఆమె పేరున కూడా లెక్కలో ఒక గీత గియ్యాలని చెయ్యి లాగింది. ఎక్కనివాళ్ళను రాయకూడదు, రాయలేదు.

స్టాపు మంజూరైంది. స్తంభం పాతిన రోజు దాని మీదున్న టైముల పట్టికను ఫోటో తీసి చెల్లెలికి పంపాను, ఆమె అక్కకు పంపింది. అక్క దాన్ని మేడమ్‌కు చూపించిందట. ఇది వ్యాను కాదు, ఇన్నింటికి వస్తుందంటే వస్తుంది, నాలుగింటికే గేటు దగ్గరుంటానని మాటిచ్చిందట. మేడమ్ రెండు రోజులు ఆలోచించి సరేనంది. చెల్లెలు పెట్టిన నెలాఖరు గడువుకు ఇంకా మూడు రోజులుంది.

ఆ శుక్రవారం బస్సు అజైబా దగ్గర ఆగేసరికి అక్క స్తంభం పక్కనే ఉంది. ఎక్కి, నన్ను చూసి, వచ్చి ముందు సీట్లో కూర్చుని వెనక్కి తిరిగింది. సందులో ఆడోళ్ళంతా నా గురించే చెప్పుకుంటున్నారంది. ఎవరో తెలుగు పిల్లోడు ఎండలో కూర్చుని మనకు స్టాపు తెచ్చినాడని అంటున్నారట. దేవుడు చల్లగా చూడాలని దీవించింది. ఆ దీవెన మొయ్యడం నా వల్ల కాలేదు.

“అక్కా, ముందు ఆ స్టాపు కొట్టేసింది నేనేనక్కా. శుక్రవారం లెక్క రాయలేదు. నాకు సెలవు కదా అని.”

ఆమె నవ్వు ఆగిపోయింది. ముందుకు తిరిగి కూర్చుంది. అల్ ఖువైర్ దాటాం, ఖురుమ్ దాటాం. ఆమె జడ వెనక నుంచి చూస్తూ కూర్చున్నాను. తిట్టినా బాగుండుననిపించింది. వతయ్యా దగ్గర బస్సు నెమ్మదించినప్పుడు మళ్ళీ తిరిగింది.

“నాకు గూడా అదే సెలవు గదా నాయనా. నా ఎనకనే కూచోని వస్తివి, నేను పెట్టిన సంగటి తింటివి. ఇంగ యా దినం కనపడాల నీకు నేను?”

రువిలో దిగి హమ్రియా వైపు నడిచాం. ఆమె ముందు, నేను రెండడుగులు వెనక. సందు చివర చెల్లెలు కనిపించింది. అక్కను చూసి చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొస్తోంది. అక్క చేతిలో డబ్బా నా చేతికిచ్చి, ఆ పిల్ల దగ్గరికి వచ్చేలోపల గొంతు తగ్గించి అంది.

“దానికి మాత్రం చెప్పాకు. అది నిన్ను మంచోడనుకుంటాండాది.”