మెంతి చలికి పోలేదు

ఉమాకాంత్ తాళం తీస్తూనే "వచ్చేశానే!" అని కేకేసేవాడు. పంజరంలోంచి మెంతి ఈల వేసేది. అమెరికాలోని ట్రాయ్ ఊళ్లో కార్ల బ్రేకులు పరీక్షించే ఇంజనీరు అతను. పెళ్లి మాట వాయిదాలు పడి పడి ఆగిపోయి, యాభై రెండేళ్లొచ్చాయి. చాలా రోజుల్లో అతను తెలుగులో నోరు విప్పేది ఆ కాకటీల్ పిట్టతోనే. చిలకల జాతిదే, బూడిదరంగు ఒళ్లు, తల మీద పసుప్పచ్చ కుచ్చు. కింది వాటాలో ఉండే పద్మజ రెండు పిట్టల్ని కొని, జీలకర్రను తనుంచుకుని మెంతిని అతనికిచ్చింది. "ఇంట్లో ఏదో ఒక చప్పుడుండాలి అన్నయ్యగారూ" అంది.

జనవరిలో ఒక ఆదివారం పొద్దున కిటికీలన్నీ బిగించి దోసెల పెనం పొయ్యి మీద పెట్టాడు. పెనం బాగా కాలాలని, నీళ్లు చిలకరిస్తే చుయ్యిమనాలని వాళ్లమ్మ నేర్పింది. ఆవిడది ఇనప పెనం. ఇతనిది నాన్‌స్టిక్‌కి మారినా అలవాటు మారలేదు. ఖాళీ పెనం పెద్ద మంట మీద ఉండగా ఆఫీసు ఫోనొచ్చింది. మాట్లాడి వచ్చేసరికి మెంతి పంజరం అడుగున ఊపిరి కోసం కొట్టుకుంటోంది. కారు దాకా వెళ్లేలోపే అరచేతిలో ఆగిపోయింది.

"పెనం పూత మరీ వేడెక్కితే వచ్చే పొగ. మనకి తెలియను కూడా తెలియదు, పక్షులు నిమిషాల్లో పోతాయి" అని పక్షుల డాక్టరు ఫోన్లో చెప్పింది.

నేల రాయిలా గడ్డకట్టి ఉంది, పాతిపెట్టడానికి లేదు. తువ్వాలులో చుట్టి, బూట్ల పెట్టెలో పెట్టి బాల్కనీలో ఉంచాడు. సోమవారం ఆఫీసులో జ్వరమని చెప్పాడు. పిట్ట పోయిందని సెలవడిగే ధైర్యం లేకపోయింది.

మెట్ల మీద పద్మజ ఎదురై "మెంతి గొంతే వినబడట్లేదేంటి?" అంటే నోటికొచ్చింది అనేశాడు.

"చలికి పోయిందమ్మా."

ఆమె కళ్లు తుడుచుకుంది. ఆ రోజు నుంచీ అతను చప్పుడు కాకుండా తాళం తీసుకుని లోపలికి వెళ్లేవాడు.

రెండు వారాలకి పద్మజ టిఫిన్‌కి పిలిచింది. గుమ్మంలోంచే చూశాడు. జీలకర్ర పంజరం పొయ్యి పక్కన ఉంది.

"మీరు చలి అన్నాక హడలిపోయానండీ. హాల్లో గాలి కొడుతోందని కిచెన్‌లోకి షిఫ్ట్ చేశాను. చూడండి, మహారాణి ఎంత వెచ్చగా కూర్చుందో!"

పొయ్యి మీద నల్లటి నాన్‌స్టిక్ పెనం ఖాళీగా కాలుతోంది.

ఉమాకాంత్ ఒక్క అంగలో లోపలికి వెళ్లాడు. పొయ్యి కట్టేశాడు. పంజరం పడగ్గదిలో పెట్టి తలుపేసి, వచ్చి కిటికీలన్నీ బార్లా తీశాడు.

"అయ్యో, ఏంటండీ ఇది! ఫ్రీజ్ అయిపోతాం!"

"మెంతి చలికి పోలేదమ్మా. ఇలాంటి పెనం పొగకే పోయింది. పొయ్యి మీద పెట్టి వదిలేసింది నేనే. నీకు చెప్పడానికి మొహం చెల్లలేదు."

పద్మజ పడగ్గది తలుపు వైపు చూసింది. పడగ్గదిలోంచి జీలకర్ర ఈల వేసింది. అచ్చం మెంతిలాగే.

"నేను టిఫిన్‌కి పిలవకపోతే చెప్పేవారు కాదన్నమాట."

"చెప్పేవాణ్ణి కాదమ్మా" అన్నాడు.

ఆమె పెనం తీసి చెత్తబుట్టలో పడేసింది. పిండి గిన్నె మళ్లీ ఫ్రిజ్‌లోకి వెళ్లింది. చలి కోట్లు తొడుక్కుని, తెరిచిన కిటికీల మధ్య ఇద్దరూ కాఫీ తాగారు. అతను గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అడిగింది.

"ఎక్కడుంచారు?"

"బాల్కనీలో, పెట్టెలో."

"మంచు కరిగాక పిలవండి. ఒక్కరే తవ్వకండి."

తల ఊపి మెట్లెక్కాడు. చాలా రోజుల తర్వాత చప్పుడు చేస్తూ తాళం తీశాడు.