అమావాస్య మధ్యాహ్నాల చదువరి

చౌడప్ప గారు పోయారన్న కబురు నాకు ఆ రోజే వచ్చింది. నేనే అందుకోలేదు. కాలేజీలో రెండు క్లాసుల మధ్య మెయిలు తెరిస్తే పైనే ఆయన పేరు కనబడింది. మళ్ళీ అదే ఫిర్యాదు అయ్యుంటుందనుకున్నాను. తర్వాత చూద్దామని కాదు, అసలు చూడకూడదనే వదిలేశాను. మూడు రోజుల తర్వాత పాత ఉత్తరాలు చెరిపేస్తూ, ఎందుకో దాన్ని తెరిచాను. రెండే వాక్యాలు. "చౌడప్ప గారు ఈ పొద్దున పోయినారు. మూడు గంటలకు తీసుకుపోతారు, మీకు చెప్పమని నారాయణమ్మక్క చెప్పింది." రాసింది షాహీన్. ధర్మవరంలో నెట్ సెంటరు నడుపుతుంది. చౌడప్ప గారి పేరిట మెయిలు తెరిచి పెట్టిందీ, ఆయన చెబుతుంటే ఉత్తరాలు కొట్టి పంపేదీ ఆమే. నారాయణమ్మ ఆయన భార్య.

అనంతపురం నుంచి ధర్మవరానికి బస్సులో గంట దారి. ఆ రోజు ఒంటిగంటకే నా క్లాసులు అయిపోయాయి. మూడింటికి, ఆయన్ని తీసుకుపోతున్న వేళకు, నేను ఇంట్లో ఫ్యాను కింద నిద్రపోతున్నాను.

ఈ అంతర్జాల పత్రిక పాఠకుల్లో చాలామందికి చౌడప్ప గారి పేరు తెలియదు. ఆయన కథ రాయలేదు, కవిత రాయలేదు. మగ్గం మీద పాత పడుగు అయిపోయినప్పుడు, కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా పాత కొసలకు అతికించడం ఆయన పని. వేల పోగులు. రోజంతా కూర్చుంటే ఒక మగ్గం అయ్యేది. ఏడో తరగతితో బడి మానేసినా, చేతికి దొరికిన ప్రతి కాగితమూ చదివేవారు. మా పత్రిక మొదలైన కొత్తలో షాహీన్ ఒక కథ అచ్చుతీసి ఇచ్చిందట. అప్పటినుంచి ప్రతి సంచికా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా తీయించుకుని, అంచున రంధ్రాలు చేసి, మిగిలిపోయిన పట్టుదారంతో కుట్టుకునేవారు.

ఆయన ఉండే నేతగాళ్ళ వీధిలో అమావాస్య నాడు మగ్గానికి సెలవు. ఆ మధ్యాహ్నం ఆయన ఇంటి వసారాలో పదిహేను ఇరవై మంది చేరేవారు. చౌడప్ప గారు సంచిక మొత్తం చదివి వినిపించేవారు. నచ్చినవి ఏరుకోవడం ఉండేది కాదు. సంపాదకీయం, కథలు, ధారావాహిక, శాసనాల మీద వ్యాసం, ఆఖరికి పాఠకుల ఉత్తరాలు కూడా. ఒక్కరే కూర్చుని చదువుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను. "నేనొక్కణ్ణే చదువుకుంటే అన్నం తిన్నట్టుండదు సార్, దొంగతనం చేసినట్టుంటాది" అన్నారు.

నేను ఆయన్ని మొదటిసారి చూసింది కాలేజీ కంప్యూటరు ల్యాబు గుమ్మంలో. తెల్ల పంచె, భుజాన సంచీ. ధర్మవరం నుంచి బత్తలపల్లె మీదుగా బస్సులో నిలబడి వచ్చారట.

"పత్రిక చేసేది మీరేనా సార్? ముసిలమ్మ చచ్చిపోయినాదా, బతికిందా? అది చెప్పండి ముందు."

నాకు అర్థం కాలేదు. ఆయన సంచీలోంచి సంచిక తీశారు. ఒక కథకు చివరి పేజీ అచ్చు కాలేదు. కథ మంచంలో ఉన్న ముసలమ్మ దగ్గర ఆగిపోయింది. "మావాళ్ళు రెండు పార్టీలైపోయినారు. చచ్చిపోయిందని సగం మంది, లేచిందని సగం మంది. ఇద్దరైతే మాటలు గూడా మానేసినారు."

లేచిందని చెప్పాను. ఆయన మొహం విప్పారింది. "నేను లేచే పార్టీనే" అని ఆ పేజీ అచ్చుతీయించుకుని, మంచినీళ్ళు తాగి, వచ్చిన బస్సుకే వెళ్ళిపోయారు.

నాకు ఆయన మీద గౌరవం ఉండేది. ఆ తర్వాత నేను చేసినదాన్ని ఆ గౌరవం ఆపలేదు.

రెండేళ్ళ క్రితం పత్రిక పద్ధతి మార్చాం. మార్చింది పత్రిక నడిపే మేం ముగ్గురం కాదు, నేను. అంతకుముందు నెలకొకసారి సంచిక మొత్తం ఒకే ఫైలుగా కట్టి పెట్టేవాళ్ళం. ఏ పాత యంత్రంలోనైనా అక్షరం చెదరకుండా అచ్చయ్యేది. కొత్త పద్ధతిలో సంచిక అన్నదే లేదు. ఏ రచన ఎప్పుడు సిద్ధమైతే అప్పుడు తెరమీదికి వచ్చేస్తుంది. దేనికది విడిగా తెరుచుకోవాలి. అక్షరాలు కొత్త రకం. నా ల్యాబులో చక్కగా కనబడ్డాయి. ఊళ్ళలోని పాత యంత్రాల్లో ఎలా కనబడతాయో చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు.

ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి. మొదటి సంచిక నుంచీ చదువుతున్నవాళ్ళే ఎక్కువ. బాగుందన్నవాళ్ళూ ఉన్నారు. ఒకాయన చదువుతున్న పుస్తకం చేతిలోంచి లాక్కున్నట్టుందన్నారు. ఇంకొకాయన, ఇప్పుడు పత్రిక చదవడం అయిపోయిందో లేదో తెలియడం లేదని, తృప్తిగా పక్కన పెట్టే క్షణమే పోయిందని రాశారు. మడకశిర వైపు బడిలో పనిచేసే ఒకావిడ, చుట్టూ కన్నడం వినబడే చోట మీ కాగితాల మీద గీతలు గీసుకుంటూ తెలుగు బాగుచేసుకున్నాను, తెర మీద ఎక్కడ గీయను అని అడిగారు. వీటిలో దేనికీ నేను సరైన జవాబివ్వలేదు. అందరికీ కలిపి సంపాదకీయంలో ఒక మాట రాశాను. కాగితం కాలం అయిపోయిందనీ, అలవాటు మార్చుకోలేనివారి కోసం పత్రిక వెనక్కి నడవదనీ. రాసినప్పుడు ఆ వాక్యం నాకు చాలా బాగున్నట్టు అనిపించింది.

చౌడప్ప గారు ఉత్తరం రాయలేదు, మనిషే వచ్చారు. సంచీలోంచి నాలుగు కాగితాలు తీసి బల్ల మీద పరిచారు. వాటి మీద అక్షరం లేదు. వరసగా ఖాళీ గళ్ళు.

"చూడు సార్. మావాళ్ళు ఏమంటాండారో తెల్సా? 'చౌడప్పన్నా, పత్రికంటివే, ఇది చీర అంచుకి డిజైను గీసే కాగితం గదా' అంటాండారు."

నవ్వాను. ఆయనా నవ్వారు. నెట్ సెంటరులో యంత్రం మార్చమని చెప్పండి అన్నాను.

"షాహీన్ మారుస్తాదిలే, దాని వీలు చూసుకోని. నేనడిగేది వేరే. నెలకొకసారి అన్నీ ఒక్కతావ కట్టి పెట్టండి. ఈడ మొదలు, ఈడ ఆఖరు అని ఉండల్ల. అమావాస్యకి నేనేం పట్టుకోని కూసోవాల?"

"ఇప్పుడు ఎవరికి కావలసింది వాళ్ళే చదువుకుంటారు చౌడప్ప గారూ."

ఆయన కాగితాలు మడిచారు. "అట్లయితే వద్దనుకున్నది ఎవరు చదువుతారు సార్? మా నాగేంద్రుడు శాసనాలంటే లేసి పోతాండె. కదలనీకుండా కూసోబెట్టినా. ఇప్పుడు యాడ బండ కనబడినా తుడిచి చూస్తాడు."

క్లాసుకు టైమైందన్నాను. తర్వాత ప్రతి నెలా ఆయన పేరుతో ఒక ఉత్తరం వచ్చేది. మొదటి రెండూ చదివాను. ఆపైన చదవలేదు.

మెయిలు చూసిన మర్నాడు ధర్మవరం వెళ్ళాను. నారాయణమ్మ గారు వసారాలో కూర్చుని పట్టు నూలు చుడుతున్నారు. ఎవరని అడిగితే పత్రిక నడిపేవాణ్ణన్నాను.

"ఓ, నువ్వేనా ఆ సారు! మట్టి చేసేదానికి వస్తావని చూసినామే." రాట్నం ఆపలేదు. "కూసో. ఆయప్పకి నీ మీద కోపం లేదు, అంత భయపడొద్దు. నాకుండాది."

కూర్చున్నాను. తప్పు నాదేనన్నాను. ఆమె కాదనలేదు. ఆ తప్పును కొంచెమైనా సరిదిద్దుకుందామని ఒక పని చేసుకుని వెళ్ళాను. రెండేళ్ళుగా వీధి వినలేకపోయిన ధారావాహిక మొత్తం అచ్చుతీసి తీసుకెళ్ళాను. గొర్రెలు మేపుకునే గంగమ్మ కథ. కరువులో భర్త బెంగుళూరుకు కూలికి పోతే మందను తోలుకుని మేత వెతుక్కుంటూ బయలుదేరుతుంది. పద్ధతి మార్చేనాటికి కథ సగంలో ఉంది. అప్పటికి గంగమ్మ రాప్తాడు దాటింది.

నారాయణమ్మ గారు కబురు పెడితే పక్కిళ్ళ వాళ్ళు నలుగురైదుగురు వచ్చారు. చదవడం మొదలుపెట్టాను. గంగమ్మ మందను అమ్మేసి బెంగుళూరు బస్సెక్కే చోటుకు వచ్చేసరికి వాళ్ళలో ఒకడు, ఆ శాసనాల నాగేంద్ర, చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగు సార్. అమ్మేదేంది? గంగమ్మ అమ్మలేదే."

"ఇక్కడ అట్లాగే ఉంది."

"యాడనో తప్పు పడినట్టుండాది. గంగమ్మ మడకశిర పక్కకి పోయినాది గదా. ఆడ కన్నడపోళ్ళు చెరువులో మేపుకొమ్మన్నారు. దావలో నేను నీళ్ళు పోసినా."

"నువ్వా?"

"నా పేరే, నాగేంద్ర. మగ్గం నేసేటోడని గూడా ఉండె. ఈ ఓబులేసు గాణ్ణి గొర్రెల దొంగని పెట్టినారు మీ పత్రికోళ్ళు. ఆరు నెల్లు ఏడిపించినాం వీణ్ణి."

ఓబులేసు తల వంచుకుని నవ్వుతున్నాడు. నేను నారాయణమ్మ గారి వైపు చూశాను. రాట్నం ఆగింది.

"ఆయప్ప గళ్ళ కాగితాలే పట్టుకోని చదువుతాండె," అన్నారామె. "నేను ఎనకాల కూసోని చూస్తాంటి. ఒక్క అక్షరం లేదు దాంట్లో. నెలంతా పోగులు అతుక్కుంటా మనసులో కట్టుకుంటాండె, అమావాస్యకి చదివినట్టు చెప్తాండె. మొదాట్లో మంది తగ్గిపోయిరి. వీళ్ళందర్నీ కథలోకి ఎక్కించినాక మళ్ళా వసారా నిండింది."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. నాగేంద్రే అన్నాడు. "అనంతపురమోళ్ళకి నా పేరెట్లా తెలుస్తాది సార్? మాకంత తెలీదా? అడిగితే చదివేది నిలిపేస్తాడేమోనని ఎవురమూ అడగలేదు."

చౌడప్ప గారి గంగమ్మ కథ పూర్తికాలేదు. చివరి అమావాస్యకు మందతో చిత్రావతి ఇసకలో దిగి, నీటి కోసం చెలమ తవ్వుతోంది. నీళ్ళు పడ్డాయో లేదో ఆయన చెప్పలేదు. ఆయాసం ఎక్కువై ఆ రోజు అంతటితో కాగితాలు మడిచేశారట. ఆయన అడిగినప్పుడే నేను అన్నీ ఒక్కచోట కట్టి పెట్టివుంటే ఆ కథే పుట్టేది కాదని మిత్రులు ఓదార్చారు. నాకు ఆ ఓదార్పు వద్దు. రొమ్ములో ఊపిరాడని మనిషి, ఖాళీ కాగితం పట్టుకుని, నేను తీసేసిన పత్రికను రెండేళ్ళు ఒంటరిగా నడిపాడు. ఆయన పంపిన ఉత్తరాల్లో దాని గురించి ఒక్క మాట లేదు. అన్నీ ఇప్పుడు చదివాను. ప్రతి దాంట్లోనూ అదే ప్రశ్న. ఈ నెల ఏది మొదలు, ఏది ఆఖరు?

తర్వాత నాలుగు ఆదివారాలు ఆ వసారాలో కూర్చుని, వాళ్ళు ఒకరినొకరు కసురుకుంటూ చెబుతుంటే గంగమ్మ కథను రాసుకున్నాను. ఓబులేసు తన దొంగతనాలు తనే చెప్పాడు, నేను ఏదైనా వదిలేస్తే ఊరుకోలేదు. చెలమ దగ్గర ఆపేశాను. పూర్తి చేయడం నాకు చేతకాదు, చేతనైనా చేయను. అది ఈ సంచికలో ఆయన పేరుతో వస్తోంది.

అవును, సంచికలోనే. పోయిన నెల నుంచి పత్రిక మళ్ళీ ఒక్కటిగా కట్టి వస్తోంది. తెర మీద చదివేవారికి అదీ ఉంటుంది. ఇది మాత్రం ఏ పాత యంత్రంలోనైనా అచ్చవుతుంది. షాహీన్ సెంటరులో నేనే కూర్చుని చూసుకున్నాను. ప్రతి నెలా అమావాస్యకు రెండు రోజుల ముందు సిద్ధమవుతుంది. అలవాటు మార్చుకోలేనివారని నేను రాసిన పాఠకులందరికీ విడివిడిగా క్షమాపణ రాశాను. మడకశిర ఆవిడకు అచ్చు ప్రతి పోస్టులో పంపాను. ఒకాయన ఉత్తరం తిరిగొచ్చింది, ఆ చిరునామాలో లేరట.

మొన్న అమావాస్యకు ధర్మవరం వెళ్ళి వసారాలో కూర్చుని సంచిక మొదటి పేజీ తీశాను. పన్నెండు మంది వచ్చారు. సంపాదకీయం సగంలోనే నాగేంద్ర ఆవులించాడు. నేను ఎక్కడ ఆగాలో అక్కడ ఆగలేదట, ఎక్కడ ఆగకూడదో అక్కడ నీళ్ళు తాగానట. రెండో కథ మధ్యలో పుస్తకం దించి, మీలో ఎవరైనా చదువుతారా అని అడిగాను. ఎవరూ చెయ్యి చాపలేదు.

"ఆయప్ప మాదిరి చదివేది నీకి రాదులేప్పా," అన్నారు నారాయణమ్మ గారు. "రాకపోనీ. చదువు."

చివరి పేజీ దాకా చదివాను.