మామిడి చెట్టుకు మూడు జీనులు

ముందుగా ప్రభువుకు స్తోత్రం. మట్టితో మనిషిని చేసి, ఆ మట్టిలోనే చిలగడదుంపను ఊరనిచ్చి, దాన్ని వాసన పట్టి తవ్వుకోమని అడవిపందికి అంత పొడుగు ముట్టె ఇచ్చిన సృష్టికర్తకు స్తోత్రం. ఒక్క కునుకు కూడా తీయకుండా లోకాన్ని కాపలా కాస్తున్నవాడికి మరీ మరీ స్తోత్రం. ఆ కాపలా పనిలో ఒక చిన్న ముక్క, ఒకే ఒక్క సాయంత్రం, నా చేతిలో పెడితే ఎంత ఉపద్రవం జరిగిందో చెప్పబోతున్నాను. మీరు ఇప్పుడే నవ్వుకోవచ్చు. నాకు నవ్వు రావడానికి పదేళ్లు పట్టింది.

ఎనభైల్లో మాట. నూజివీడుకూ జి. కొండూరుకూ మధ్య మా ఊరు. నాకు ఇరవై మూడేళ్లు. సంఘంలో యౌవనస్థుల కూటానికి నాయకుణ్ణి. జ్ఞానం సంగతి దేవుడికి తెలియాలి గానీ గొంతు మాత్రం పెద్దది. ఆ సాయంత్రానికి ముందటి ఆదివారమే "విశ్వాసి మెలకువగా ఉండాలి" అనే అంశం మీద ముప్పావుగంట మాట్లాడాను. వెనక బల్ల మీద ఇద్దరు జోగుతుంటే పేర్లు పెట్టి లేపాను. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

మా సంఘంలో మార్తమ్మ పిన్ని అని ఉండేది. వరసకు పిన్ని కాదు, ఊరందరికీ పిన్నే. భర్త పోయాక, రాఘవయ్య గారి తోటలో లేత మామిడి మొక్కల వరసల మధ్య ఖాళీ నేల అడిగి తీసుకుని చిలగడదుంప వేసింది. ఆ యేడాది ఆమె ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఆ మట్టి బోదెల కింద ఉన్నదే ఆధారం. రోజూ సాయంత్రం నుంచి పొద్దుపోయేదాకా నూనె డబ్బా వాయిస్తూ గట్టు మీద తిరిగేది. ఇంకో వారంలో తవ్వుతుందనగా గట్టు పక్కన పందుల కాలిగుర్తులు కనపడ్డాయి.

రాఘవయ్య గారు ఆ తోట ఆసామి. పంట కాపలాకని లైసెన్సు తీసుకున్న తుపాకీ ఆయనకుంది. గురి మంచిది. నడుమే మంచిది కాదు.

"కొడతా. ఎందుకు కొట్టను," అన్నారు, నేనూ పిన్నీ వెళ్లి అడిగితే. "కానీ కింద కూర్చుంటే పందికి మన వాసన తగుల్తుంది. చెట్టెక్కాలి. కొమ్మ మీద పావుగంట కూర్చున్నానంటే వారం రోజులు నన్ను మంచం మీద తిప్పాల్సిందే."

"మంచె వేద్దామండి," అన్నాను.

"నిరుటి మంచెను చెదలు తినేశాయి. రేపు సాయంత్రానికి కొత్తది ఎక్కడ వేస్తావురా?"

అప్పుడు ఊరుకుంటే పోయేది. ఊరుకునే గొంతా నాది?

"గుర్రానికి జీను ఉన్నట్టు చెట్టుకు జీను కడతానండి. రెండు మూడు రకాలు కట్టి, నేనే కూర్చుని చూస్తాను. ఏది హాయిగా ఉంటే అది మీకు."

"ఏరా ప్రసాదూ, కూర్చోవడానికి కూడా పరీక్షలా?"

"అన్నిటినీ పరీక్షించి మంచిదాన్ని ఉంచుకోవాలని మా పెద్దలు చెప్తారండి."

"సరే. పూత మీదున్న చెట్టు జోలికి మాత్రం వెళ్లావంటే, పందికంటే ముందు నిన్ను కొడతా."

ఆయన తప్పేం లేదు. సంక్రాంతి దాటిన రోజులు. తోటంతా పూతే. మా వైపు పూతకొమ్మను కదపడమంటే పెళ్లిపీటల మీది పిల్ల జడలో పూలు దులపడం లాంటిది. అందుకని దుంపతోట అంచున, నిరుడు విరగకాసి ఈ యేడు సెలవు తీసుకున్న ముసలి రసం మామిడి చెట్టు ఒక్కటే నాకు దక్కింది. పూత లేదు కదా అని సంబరపడ్డానే గానీ, ఆకుల్లో ఏముందో చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం పని మొదలుపెట్టాను. మొదటి జీను గోనెసంచి. రెండు చివర్లా కొబ్బరితాడు కట్టి కొమ్మకు వేలాడదీసి ఎక్కి కూర్చున్నాను. ఐదు నిమిషాలకు తొడలు నావి కావనిపించింది. పదో నిమిషానికి నావేనని మళ్లీ తెలిసింది, ఎందుకంటే ఆకులు కుట్టి గూడు కట్టుకున్న ఎర్రచీమలు తాడు వెంట సంఘంగా కూడి వచ్చాయి. అంత ఐక్యత మా యౌవనస్థుల కూటంలో ఏనాడూ చూడలేదు. నేను దిగలేదు, రాలాను.

రెండోది లారీ ట్యూబు. హనుమాన్ జంక్షన్‌లో పంక్చర్లు వేసే మా బావమరిది దగ్గర అడిగి తెచ్చాను. చీమలు లేని ఇంకో కొమ్మ చూసి కట్టాను. మెత్తదనానికి వంక లేదు. కానీ నిలకడ లేదు. వెదురు కర్రను తుపాకీలా పట్టుకుని నూజివీడు వైపు గురిపెడితే, ట్యూబు నన్ను జి. కొండూరు వైపు తిప్పి చూపించేది. అటు గురిపెడితే మళ్లీ ఇటు. నాలుగు తిరుగుళ్లకు పొద్దున తిన్నది గొంతులోకొచ్చింది.

కింద నుంచి మార్తమ్మ పిన్ని చూస్తోంది.

"ఏంటి నాయనా, పందిని కొడతావా, రంగులరాట్నం ఆడతావా?"

"ఇంకోటుంది పిన్నీ. దాన్ని చూడు."

ఆ ఇంకోటి ఎక్కడిదో చెప్పడానికి ఇప్పటికీ కాస్త సిగ్గే. మా పాస్టరు అయ్యగారు రెండు రోజుల కూటాలకని బెజవాడ వెళ్లారు. ఆయన వరండాలో పడక కుర్చీ ఉండేది. దాని గుడ్డకు రెండు చివర్లా రెండు కర్రలు. కర్రలు లాగితే గుడ్డ ఊడొస్తుంది. దొంగతనం అనకండి. అడిగే తెచ్చుకునేవాణ్ణి, అడగడానికి ఆయన ఊళ్లో లేరు, అంతే.

ఆ గుడ్డను పెద్ద కొమ్మకు కట్టి, దాంట్లో వెనక్కి వాలాను. ఏమని చెప్పను. నడుముకు నడుము, మెడకు మెడ, దేనికి కావలసిన చోటు దానికి దొరికింది. పైన గాలికి ఆకులు, చుట్టూ పూత వాసన, తేనెటీగల రొద. అయ్యగారి ప్రసంగాలు అంత నిదానంగా ఎందుకు సాగుతాయో ఆ క్షణాన నాకు బోధపడింది.

పిన్ని ఉడకేసిన దుంపలూ చెంబుడు మజ్జిగా తెచ్చి పైకి అందించింది. అరడజను తిన్నాను.

"పొద్దు వాలుతోంది. డబ్బా వాయించనా?" అంది.

"వద్దు పిన్నీ. శబ్దమైతే పందులు రావు, వస్తేనే కదా రాఘవయ్య గారు కొట్టేది. ఆయన వచ్చేదాకా నేను చూస్తుంటా. నువ్వు ఇంటికెళ్లి కాస్త నడుం వాల్చు."

"నువ్వున్నావుగా. నాకు ధైర్యమే," అని డబ్బా చెట్టు మొదట్లో పెట్టి వెళ్లిపోయింది.

ఆ మాట ఇప్పటికీ చెవిలో ఉంది. ఎందుకంటే ఆ తర్వాత చెవికి ఇంకేమీ వినపడలేదు.

మళ్లీ వినపడింది రాఘవయ్య గారి గొంతు. పొద్దు గూకి చెట్లు నల్లబడ్డాయి. ఆయన గట్టు మీద నిలబడి తనలో తానే మెల్లగా అంటున్నారు:

"గురక్ గురక్ మంటోంది పందే. కానీ పైనుంచి వస్తోందేంటి? చెట్టెక్కే పందులు ఎప్పటి నుంచి?"

తుపాకీ గొట్టం నా వైపు లేచింది.

"కొట్టకండి, నేనండి, ప్రసాదునండి."

"ఏ ప్రసాదు?"

భయంలో మనిషికి అబద్ధం తోచదు. "మెలకువ గురించి మాట్లాడిన ప్రసాదునండి," అన్నాను.

లేవబోతే గుడ్డ నన్ను కాయలో గింజలా మూసేసింది. తన్నుకుంటే ముడి ఊడింది. నేల మీద పడ్డాను. ఒక్క ఎముకా విరగలేదు. ఎందుకు విరగలేదో తడిమి చూస్తే తెలిసింది. నా కిందున్న బోదె దూదిలా మెత్తగా తవ్వి ఉంది. దాని పక్కది కూడా. దాని పక్కది కూడా. నా గురకకు పందులు భయపడలేదు, తమ వాళ్లే ఎవరో పైన విశ్రాంతి తీసుకుంటున్నారనుకుని ఉంటాయి. తోటలో సగం బోదెలు తినేసి వెళ్లిపోయాయి.

నవ్వు ఇక్కడ కాసేపు ఆపుతాను. మార్తమ్మ పిన్ని లాంతరు పట్టుకుని వచ్చి చూసింది. తిట్టలేదు. గట్టు మీద కూర్చుని, కొరికి వదిలేసిన దుంప ముక్కలు ఒడిలో ఏరుకుంది. తిడితే బాగుండుననిపించింది. ఆ మిగిలిన సగాన్నైనా తెల్లారేదాకా కాస్తానని చెప్పి, నిలబడి డబ్బా వాయించాను.

తెల్లవారగానే, మొన్న ఆదివారం నేను పేర్లు పెట్టి లేపిన ఆ ఇద్దరి ఇళ్లకే మొదట వెళ్లాను. "లేవండి," అనే మాట మాత్రం అనలేదు, బతిమాలాను. వాళ్లతో పాటు కూటమంతా పలుగులు పట్టుకుని వచ్చింది. మళ్లీ పొద్దుగూకే లోపు మిగిలినదంతా తవ్వి పిన్ని ఇంటికి చేర్చాలని పట్టుదల. మధ్యాహ్నానికి ముప్పాతిక పని అయ్యింది. అప్పుడొచ్చారు అయ్యగారు, బస్సు దిగి ఇంటికి వెళ్లి, వరండాలో కుర్చీ అస్థిపంజరం చూసుకుని.

"వందనాలండి," అన్నాను.

"వందనాలు. ప్రసాదూ, నా కుర్చీ గుడ్డ?"

చెట్టు చూపించాను. అది ఒక తాడుకు వేలాడుతోంది.

"హాయిగా ఉందా?"

పలుగులన్నీ ఆగాయి. నిజమే చెప్పాలని నాకు నేర్పింది ఆయనే.

"చాలా హాయిగా ఉందండి."

అప్పుడు పిన్ని చెయ్యి దులుపుకుని లేచింది. "అయ్యగారూ, ఆ గుడ్డ నాకిప్పించండి."

"నీకెందుకమ్మా?"

"మా అమ్మాయి కూతురు పుట్టినకాడి నుంచి నిద్రపోదు. ఏ ఉయ్యాల్లో వేసినా ఒకటే ఏడుపు. కింద పందులు విందు చేసుకుంటున్నా లేవనివ్వని గుడ్డ నాకింకెక్కడ దొరుకుద్ది?"

ముందు నవ్వింది అయ్యగారే. ఆ తర్వాత పిన్ని. నేను మాత్రం దుంపలు తవ్వుతూనే ఉన్నాను. పొద్దుగూకే లోపు ఒక్కటి కూడా నేలలో మిగల్లేదు. పిల్ల ఆ రాత్రి తెల్లారేదాకా కదలకుండా నిద్రపోయిందట.

ఒట్టు పెట్టుకోకూడదని మా నమ్మకం కాబట్టి ఒట్టు పెట్టను, మాట ఇస్తున్నాను. ఇకపై కాపలాకు వెళ్తే కూర్చోను. కూర్చున్నా వెనక్కి వాలను. వాలవలసి వస్తే ముందు దుంపలు తినను. సంఘంలో ఎవరు కునికినా పేరు పెట్టి లేపను. మీరు కూడా నాతో కలిసి ఈ ఒక్క ప్రార్థన చేయండి: ప్రభువా, కాపలా కాసేవాడికి గట్టి బల్లను, పసిపిల్లకు మెత్తటి ఉయ్యాలను దయచేయుము. ఒకరిది ఇంకొకరికి ఇవ్వకుము. ఆమెన్.