రెండు పోటీల మధ్య ఉదయగిరి బస్సు

మొదటి పోటీ అయిపోయి రెండు వారాలైంది. రెండోదానికి ఇంకా మూడు వారాలుంది. రెండింటికీ ఒకే కొలత: సముద్రంలో దాదాపు రెండు కిలోమీటర్ల ఈత, తొంభై కిలోమీటర్ల సైకిలు, ఇరవై ఒక్క కిలోమీటర్ల పరుగు, ఒకదాని వెంట ఒకటి. ఇంత దగ్గర దగ్గరగా రెండు పెట్టుకునేవాళ్ళు మొదటి రెండు వారాలు తిండి, నిద్ర, తేలిక ఈత తప్ప ఇంకేమీ చెయ్యకూడదు. చివరి రెండు వారాలు తగ్గించుకుంటూ పోవాలి. గట్టి సాధనకు మధ్యలో మిగిలేది ఒక్క వారం. ఆ వారం కోసమే చెన్నైలో సెలవు పెట్టి బయలుదేరాను.

రెండు పోటీలకూ నాతోపాటు పేరు ఇచ్చింది పెంచలన్న, మా పెద్దనాయన కొడుకు. ఉదయగిరిలో ఒక ప్రైవేటు బడిలో వ్యాయామం సారు. నాకు ఈత నేర్పిందీ, ఈ పిచ్చి అంటించిందీ ఆయనే. మొదటి పోటీలో నాకంటే ముందు గీత దాటాడు.

మధ్యాహ్నం రైలుకు నెల్లూరు చేరి, సాయంత్రం ఆరింటికి ఆత్మకూరు బస్సెక్కాను. సైకిలు విప్పి పొడుగాటి నల్ల సంచిలో పెట్టుకున్నాను. కండక్టరు దాన్ని కాలితో తట్టి చూశాడు.

"ఏంది సామీ, పీనుగను మోసకపోతుండావా?"

"సైకిలు."

"సైకిలుంటే బస్సెందుకయా? తొక్కుకుంటా పోరాదా?"

బస్సులో నవ్వులు ఆగాక సంచికి లగేజీ టికెట్టు కొట్టాడు. ఆత్మకూరులో బస్టాండు దగ్గరే లాడ్జి దొరికింది. సైకిలును గదిలోకి తెచ్చుకోనిస్తారో లేదో డబ్బు కట్టే ముందే అడగండి.

మర్నాడు ఉదయం ఏడుంబావుకు ఉదయగిరి నుంచి మొదటి బస్సు వచ్చింది. అన్న దాంట్లోనే వస్తానన్నాడు. ముందు తలుపు నుంచి అయిదారుగురు మెల్లగా దిగారు. ఒక్కొక్కరి చేతిలో దుప్పటి, టిఫిను డబ్బా ఉన్న సంచి. ఒక పెద్దావిడ మోచేతి దగ్గర గుడ్డ కట్టు. వీళ్ళు ఆత్మకూరు ఆసుపత్రికి డయాలసిస్‌కు వస్తారు. ఆ మెట్టల్లో కిడ్నీలు చెడినవాళ్ళు లేని ఊరు తక్కువ. మొదటి బస్సును 'రక్తం కడిగే బస్సు' అనే అంటారు. ముందు సీట్లు వాళ్ళవి. వాళ్ళు ఎక్కేదాకా ఎవరో ఒకరు తువ్వాలు వేసి ఉంచుతారు. బస్సు ఎంత నిండినా ఆ తువ్వాళ్ళను ఎవరూ తియ్యరు.

పెంచలన్న వెనక తలుపులోంచి సైకిలుతో దిగాడు. ముందు వరసలో ఒక సీటు తువ్వాలుతో ఖాళీగానే ఉంది.

"నిలబడే వచ్చినావా అన్నా?"

"కాళ్ళు సాగుతాయిలేరా. పద, చెరువుకు పోదాం."

చెరువులో చేపలు పట్టేవాళ్ళు అప్పటికే వలలు వేసి ఉన్నారు. నీళ్ళలోకి దిగేముందు వాళ్ళను అడగడం మంచిది. "ఆ పక్క పోబాకండి సామీ, వల ఉండాది, కాళ్ళకు చుట్టుకుంటాది" అని ఒకాయన చేయి చాపి హద్దు చూపించాడు. నలభై నిమిషాలు ఈదాం. ఎప్పుడూ ముందుండే అన్న నా వెనక వచ్చాడు. గట్టుమీద మేజోళ్ళు తొడుక్కుంటుంటే చూశాను, చీలమండల చుట్టూ బస్సులో వేసుకొచ్చిన మేజోళ్ళ అచ్చు ఇంకా లోతుగా పడి ఉంది. సముద్రం ఉప్పుకు వాచిందన్నాడు. రెండు వారాల కిందటి ఉప్పు.

పోటీ మధ్యాహ్నం ఎండలో ఉంటుంది కాబట్టి సైకిళ్ళ మీద ఉదయగిరికి పదకొండు గంటలకే బయలుదేరాలని నా పథకం. దోసెలు తిని, ఖాళీ సంచి మడిచి వీపుకు కట్టుకుని కదిలాం. ఆత్మకూరు దాటాక రోడ్డుకు రెండు పక్కలా ఎండిన చేలు, చిల్లచెట్ల ముళ్ళపొదలు, అక్కడక్కడా వదిలేసిన బోరు గొట్టాలు. పావుగంటకొకసారి నాలుగు గుక్కలు తాగాలనేది మా ఇద్దరి నియమం. అన్న సీసా మూతికి ఆనించి, తడి చేసుకుని, మళ్ళీ పెట్టేస్తున్నాడు.

"తాగన్నా, వడదెబ్బ కొడతాది."

"నా సంగతి నాకు తెలుసులే. నువ్వు తొక్కు."

ఒకటిన్నరకు దుత్తలూరులో టీ కొట్టు ముందు ఆగాం. అన్న ముఖం పాలిపోయి ఉంది. నేను సోడా తాగుతుండగానే ఆత్మకూరు నుంచి బస్సు వచ్చి ఆగింది. ముందు కిటికీలోంచి ఉదయం చూసిన పెద్దావిడ తల బయటపెట్టింది. ఉదయగిరిలో అన్న వాళ్ళ వీధే, పేరు రమణమ్మ.

"ఏమయా పెంచలయ్యా! పొద్దన నీకు సీటు పెట్టినాము గదా. నిలబడి వచ్చి, ఇప్పుడీ ఎండలో సైకిలు తొక్కుతుండావా? డాక్టరు ఏం చెప్పినాడు నీకు? మీ అమ్మకు చెప్పమంటావా?"

"నువ్వు పో అవ్వా!" అని అరిచాడు అన్న.

బస్సు వెళ్ళిపోయింది. నేను సోడా సీసా పక్కన పెట్టాను. అన్న రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. పోటీ నుంచి వచ్చిన మూడో రోజు మూత్రం టీ డికాషను రంగులో పడింది. పరీక్షలు చేయిస్తే కిడ్నీలు అప్పటికే సగం చెడి ఉన్నాయని తేలింది. నీళ్ళు కూడా కొలిచే తాగమన్నారు. పరుగులో నొప్పి తెలియకుండా వేసుకున్న బిళ్ళలు మిగతా పని చేశాయి. ఆయన పరుగెత్తుతూ నములుతుంటే ఉప్పు బిళ్ళలనుకున్నాను.

"ఇక్కడ అందరం వేసుకునేదేగదరా. కోతలకు పోయినా, బస్తాలు మోసినా, ఒళ్ళు నొప్పంటే అంగట్లో అడిగి రెండు మింగేది. మా నాయన కూడా అంతే."

పెద్దనాయన అదే బస్సులో రెండేళ్ళు తిరిగి, చనిపోయాడు.

"ఎప్పటినుంచి కడిగించుకోమన్నారు?"

"ఎల్లుండి నుంచి. కిడ్నీలు కొన్నాళ్ళకు దారికి రావచ్చన్నాడు డాక్టరు. రాకపోవచ్చన్నాడు." సీసా మూత తిప్పుతూ, "మూడు వారాలు ఓర్చుకుంటే రెండో పోటీ అయిపోతాది. ఆ సీట్లో కూర్చున్నానంటే ఇంక అయిపోయినట్టేరా."

మూడు వారాలు ఆగితే ఏమవుతుందో చెప్పాను. విన్నాడు. లేచి సీసాలో మిగిలిన నీళ్ళు ముఖాన కొట్టుకున్నాడు. మిగిలిన దారి ఒక ఆటో మాట్లాడుకుని, సైకిళ్ళు వెనక కట్టుకుని వెళ్ళాం. ఉదయగిరిలో పెద్దమ్మ రెండు గిన్నెల్లో పప్పు పెట్టింది, ఒకటి ఉప్పు లేనిది. అన్న ఉప్పున్న గిన్నె మీద చెయ్యి వేశాడు. పెద్దమ్మ గిన్నె మార్చింది.

మర్నాడు నా పథకంలో ఊరి పక్క కోట ఉన్న కొండమీదికి పరుగు. కోటకు పోయేవాళ్ళు తెల్లవారుతూనే ఎక్కండి, నీళ్ళు కిందే తీసుకోండి. అన్న కూడా వచ్చాడు, కానీ నడిచే ఎక్కాం. సగం దారిలో ఒక రాతిమీద కూర్చుండిపోయాడు.

"నువ్వు పైదాకా ఉరికిరా. నేను టైము చూస్తా."

ఉరికాను. దిగివచ్చాక కూడా ఆయన గడియారాన్ని ఆపలేదు. అది పరుగెడుతూనే ఉంది. కింద ఊరి వైపు చూస్తున్నాడు.

నేనుంటే అన్న సాధన మానడని, వారం ఆగకుండా మూడో రోజు ఉదయం మొదటి బస్సుకే తిరుగు ప్రయాణమయ్యాను. అన్న కూడా చేతిలో దుప్పటి సంచితో వచ్చాడు. పెద్దమ్మ బలవంతంమీద వస్తున్నానన్నాడు. ముందు వరసలో రమణమ్మ పక్క సీటు మీద తువ్వాలు వేసి ఉంది. ఆమె చూసి కూడా పిలవలేదు. అన్న నా పక్కన కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. రెండో పోటీలో సైకిలు మొదటి గంట ఎంత వేగంతో పోవాలో చెబుతూ వచ్చాడు. "తొందరపడబాక. నీకదే జబ్బు." ఇద్దరిలో ఆ పోటీకి ఎవరు పోతారన్నది నేనూ అడగలేదు.

దుత్తలూరులో జనం తోసుకుని ఎక్కారు. ఊరికి కొత్త కాబోలు, ఒక యువకుడు తువ్వాలు మీద చెయ్యి పెట్టి అడిగాడు.

"ఈడ ఎవురన్నా ఉండారామ్మా?"

రమణమ్మ కిటికీలోంచి బయటకే చూస్తోంది.

"నేనుండాను" అన్నాడు అన్న. తువ్వాలు తీసి, మడిచి, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

ఆత్మకూరులో వాళ్ళందరితో దిగాడు. రమణమ్మ అడుగులకు తన అడుగులు తగ్గించుకుని నడిచాడు. నేను అదే బస్సులో నెల్లూరు దాకా వచ్చి, పదిన్నర రైలు అందుకున్నాను. సైకిలు సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని మిగతా రోజుల పథకం రాసుకున్నాను. ఇప్పుడది ఒక్కడికే. అన్నకు బస్సు రోజు మార్చి రోజు. ముందుకు లెక్కవేసుకుంటూ పోయాను. పోటీ రోజు కూడా బస్సు రోజే.