బండ మీద బండ

మా అమ్మాయి పెళ్లి ఇంకా రెండు రోజులుందనగా నా పాత నడుము నొప్పి తిరగబెట్టింది. పేరుకే నడుము, నడవనివ్వదు, కూర్చోనివ్వదు. పీటల మీద కూర్చుని కన్యాదానం ఎలా చేయాలా అని ఒకటే గాభరా.

కమలాపురంలో మా ఇంటి అరుగంతా కడప బండలే. "ఎండకు కాగిన బండ కంటే మంచి కాపడం యాడుంటాది?" అంటూ మా ఆవిడ నడుముకు ఆముదం రాసి, సాయంత్రం ఆ వెచ్చటి బండ మీద పడుకోబెట్టింది. ఈగలు వాలుతుంటే ముఖం మీదికి తువ్వాలు లాక్కున్నాను. హాయిగా కన్ను అంటుకుంది.

"ఓ అన్నా! బిడ్డ పెండ్లి చూడకుండానే పోతివా!"

ఆ ఏడుపుకు ఉలిక్కిపడి లేచి కూర్చున్నాను. శవం లేచిందనుకుని ఎదురింటి లక్షుమమ్మ కెవ్వుమంది. లోపలి నుంచి మా అమ్మాయి పరుగెత్తుకొచ్చింది.

"ఏం గాలేదు వదినా, బండ మీద బండ పండుకోనుండాది, అంతే!" అంది మా ఆవిడ.

నొప్పి వేడికి తగ్గిందో, బెదురుకు పారిపోయిందో నాకిప్పటికీ తెలియదు. పీటల మీదైతే కూర్చోగలిగాను. మళ్లీ ఎక్కడ పట్టేస్తుందోనని బిగుసుకుపోయి ఉంటే, మా ఆవిడ చెవిలో గొణిగింది:

"రవ్వంత కదలండి. లక్షుమమ్మ వదిన మన పక్కే చూస్తాండాది."