కోటయ్య కట్టిన తాళ్లు

లారీ డ్రైవరుగా ఎన్నో బరువులు మోశాను. ఎక్కడ దింపాలో తెలియక ఇన్నేళ్లు మోసింది ఈ ఒక్కటే. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో బెజవాడలో లారీ నడిపేవాణ్ణి. గన్నవరం అవతల ఒక బియ్యం మిల్లుకు ఆయిల్ ఇంజను వచ్చింది. దాన్ని రైల్వే గూడ్సు షెడ్డు నుంచి, నా లారీ వెనక రెండు చక్రాల ట్రెయిలర్ తగిలించి, దాని మీద తీసుకెళ్లాలి. బరువులెక్కించి తాళ్లు కట్టే కోటయ్య నాతో ఉన్నాడు.

ట్రెయిలర్ మీద బరువు ఇరుసుకు కాస్త ముందుకే ఉండాలి. వెనక్కి పోతే లారీకి తగిలించిన కొస పైకి లేస్తుంది, వేగంలో ట్రెయిలర్ అటూ ఇటూ ఊగుతుంది. నాకు తెలియని సంగతా? బాగా తెలుసు. కానీ మిల్లు షావుకారు గారు ఇంజనుకు పసుపూ కుంకుమా పెట్టించి, బొట్టు పెట్టిన వైపు ముందుగా మిల్లులోకి రావాలన్నారు, కొత్త కోడలు వచ్చినట్టు. అలా పెడితే ఇంజను పెద్ద చక్రం వెనక్కి పడింది. ముందుకు జరపడానికి చోటు లేదు.

“వెనక బరువెక్కువైందండీ డ్రైవరు గారూ. తిప్పి పెడదాం,” అన్నాడు కోటయ్య.

“వర్జ్యం వచ్చేస్తంది. షావుకారు గారికి నువ్వు చెప్తావా? తాళ్లు గట్టిగా బిగించు, చాలు,” అన్నాను.

అతను బిగించాడు. తాళ్లు చూసుకుంటూ ట్రెయిలర్ మీదే కూర్చున్నాడు. నెమ్మదిగా నడిపినా గండం గడిచేదేమో. వర్జ్యానికి ముందే చేరాలని తొక్కాను. కాలవ వంతెన దిగుతుంటే ట్రెయిలర్ ఊగి, లారీ నుంచి ఊడి, ఇంజనుతో సహా పక్కకు ఒరిగిపోయింది. కోటయ్య కాలు దాని కింద పడింది.

పొలాల్లో వాళ్లు పరుగెత్తుకొచ్చి, దుంగలతో ఎత్తి, అతన్ని ఎడ్లబండిలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఇంజను దగ్గర నేనొక్కణ్ణే మిగిలాను. అప్పుడు చూశాను. ఒక్క తాడు కూడా వదులు కాలేదు.

ముందు భాగంలో కుడివైపు ముడి విప్పాను. గోళ్లు విరిగాయి, అయినా విప్పాను. భయమా? ఇంకెవరూ లారీ ఇవ్వరనా? లేక బెజవాడలో నా అంత డ్రైవరు లేడన్న పేరు పోతుందనా? పేరు కోసమే అయి ఉండాలి, ఎందుకంటే ఆ తర్వాత కూడా ఆ పేరు విన్నప్పుడల్లా సంతోషించాను.

షావుకారు గారు వచ్చి తాడు చూశారు. ఎవరూ నన్ను ఇంకేమీ అడగలేదు. కోటయ్యకు మోకాలి కింద కాలు తీసేశారు. కూర్చుని కట్టే పనికి కూడా అతన్ని మళ్లీ ఎవరూ పిలవలేదు.

ఒకసారి బత్తాయిలు పట్టుకుని చూడబోయాను.

“ఏ ముడి ఊడిందండీ?” అని అడిగాడు.

కోపంగా కాదు, తన తప్పు తెలుసుకుందామని. నేను తడుముకోలేదు. “ముందు కుడివైపుది,” అన్నాను. అతను తన చేతుల వంక చాలాసేపు చూసుకున్నాడు.

ఆ చేతులను అనుమానిస్తూనే పోయాడు కోటయ్య. ఇక మీరు క్షమించినా అది చెల్లదు. ఆ ముడి ఊడలేదు. నేను విప్పాను. ఈ మాట రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది.